పలకని పేరు

ఆ పిల్ల తన సంచిని కొక్కేనికి తగిలించలేదు. కొక్కెం కింద నేలమీద పెట్టి, పట్టీలు లోపలికి మడిచి, ఎవరి కాలికీ అడ్డం రాకుండా గోడకు జరిపి, వెళ్లి చాప మీద తన చోట కూర్చుంది. నాలుగేళ్ల చేతుల్లో అంత నిదానం అరుదు. గోడమీద ప్రతి కొక్కెం పైనా ఒక పేరు అంటించి ఉంది. ఈ కొక్కెం పైనున్న పేరు ఆ పిల్లదే. కిందటి వేసవిలో చనిపోయిన ఒక ముసలావిడది కూడా అదే పేరు.

సింకు దగ్గర రంగులు కలుపుతూ, ఆ పసిపిల్లల బడిలో సహాయకురాలు నోరీన్ అంతా చూసింది. చనిపోయిన ఆవిడ నోరీన్ తల్లి.

టీచర్ కర్స్టన్ వచ్చి సంచిని పైకెత్తింది. "ఇదిగో, నీ చోటు ఇది" అని, వేలితో ఒక్కొక్క అక్షరాన్నీ తాకుతూ ఆ పేరును ఇంపుగా, స్పష్టంగా, పూర్తిగా చదివింది. సంచి తగిలించింది. నోరీన్ చేతిలో పసుపురంగు డబ్బా ఒరిగి, సింకు అంచున ధారగా కారింది. ఆమె గుడ్డతో తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

త్రీ బోర్స్ అనే ఈ ఎడారి ఊళ్లో, అక్కడి ఆదివాసుల ఆచారం ప్రకారం, మనిషి పోతే ఆ మనిషి పేరు కూడా నోళ్లలోంచి తప్పుకుంటుంది. అదే పేరుతో బతికున్న వాళ్లు కొన్నాళ్లపాటు కుమంజాయి అవుతారు. పేరు పలకరాని మనిషి అని. ఆడైనా మగైనా, పసివాళ్లైనా ముసలివాళ్లైనా అదే మాట. కుక్కలను అదిలించడం వచ్చే వయసుకే పిల్లలకు ఈ సంగతీ వచ్చేస్తుంది, ప్రత్యేకించి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. బయటి నుంచి వచ్చిన కర్స్టన్‌కు కూడా తెలుసు. తెలియనితనం మీదికి నెట్టడానికి వీల్లేని వ్యవహారం ఇది. ముసలావిడ ప్రతి శుక్రవారం వచ్చి పిల్లలకు ఇసుకలో వేళ్లతో బొమ్మలు గీస్తూ కథలు చెప్పేది. గోడమీదున్న ఆవిడ ఫోటోకు గోధుమరంగు కాగితం కొలత ప్రకారం కత్తిరించి, నాలుగు మూలలా శుభ్రంగా అంటించి కప్పింది కర్స్టనే. అయితే ఫోటో చనిపోయినావిడది, పేరు బతికున్న పిల్లది అని ఆమె వాదం. చావు ఖరీదు పసిపిల్ల ఎందుకు చెల్లించాలి అనేది ఆమె ప్రశ్న. తన పేరును తాను గుర్తుపట్టని పిల్ల పెద్ద బడికి ఎలా వెళుతుందనేది ఆమె ఆందోళన. మూడూ కలిపి చూసుకుంటే ఆమెకు తాను న్యాయంగానే కనబడింది.

పొద్దున పాట మొదలైంది. బుట్టలో పేర్ల అట్టలున్నాయి. పాటలో ఎవరి పేరు వస్తే వాళ్లు లేచి, తమ అట్ట వెతికి తీసుకుని, పలకకు అంటించి, బయటికి ఇసుకలోకి పరుగెత్తాలి. జెత్రో లేచాడు, షనెల్ లేచింది, ముక్కు కారుతున్న చిన్నవాడు టార్కిన్ లేచి అట్టతోపాటు బుట్టనే ఎత్తుకుపోబోయాడు. తర్వాత ఆ పేరు వచ్చింది. పిల్లలందరి తలలూ ఒక్కసారిగా కిందికి వంగాయి. జెత్రో అరచేత్తో నోరు మూసుకున్నాడు. నోరీన్ పాట ఆపేసింది. కర్స్టన్ గొంతు ఒక్కటే ఆ పేరును మోసుకుంటూ చరణం చివరిదాకా వెళ్లింది.

పిల్ల కదల్లేదు.

"మంచిది" అంది కర్స్టన్, కోపం లేకుండా. అట్టను పిల్ల మోకాళ్ల ముందు పెట్టింది. "నువ్వు ఎప్పుడు తీసుకుంటే అప్పుడే ఆట. తొందరేమీ లేదు."

తక్కినవాళ్లు ఇసుకలోకి పోయారు. పిల్ల అట్టను చూడకుండా ఉండడానికి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పిల్లలకు పళ్లు పెట్టే వేళ దాకా అలాగే కూర్చుంది.

పిల్లలు తాగిన కప్పులు కడుగుతూ నోరీన్ అంది: "కుమంజాయి అని రాస్తే పోయేది గదా. అందరం అట్నే పిలుస్తాం."

"పెద్ద బడిలో ఇప్పటికే ముగ్గురు కుమంజాయిలు ఉన్నారు నోరీన్. పేరు లేదని చెప్పే మాట పేరెలా అవుతుంది?"

"పేరు ఉంది. దాచిపెట్టినం అంతే."

"పిల్ల దగ్గరి నుంచి కూడానా?"

నోరీన్ కప్పులు బోర్లించింది. జవాబు చెప్పాలంటే అమ్మను మాటల్లోకి దించాలి. దించదలచుకోలేదు.

మంగళవారం వాగులోకి నడక. వాగంటే ఇసుకే, నీళ్లు ఎప్పుడో గానీ రావు. పిల్లలందరూ ఉన్ని టోపీలు చెవులదాకా లాక్కుని, నోటి ఆవిరిని పొగలాగా వదులుతూ, ఒకరి నడుము ఒకరు పట్టుకుని గేటు దాటారు. పిల్ల దాటలేదు. అట్ట ముందు కూర్చుంది. కర్స్టన్ ఎదురుగా చిన్న కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేంత ముడుచుకుని కూర్చుంది. ఇద్దరిలో ఎవరు ఎవరికి కాపలాయో చెప్పడం కష్టం.

వాగులో జెత్రో నోరీన్ చెయ్యి లాగాడు. "అత్తా, కుమంజాయిని ఆమె ఎందుకు కట్టేసింది?"

"కట్టెయ్యలేదురా."

"మరి రాలేదేం?"

"ఆ అట్ట ముట్టుకోమంటోంది."

"ముట్టుకోదు" అన్నాడు. చెప్పిన తీరులో సందేహం లేదు, బాధా లేదు. పొద్దు ఇటు నుంచి పొడుస్తుందని చెప్పినట్టు చెప్పాడు. తర్వాత వంగి, ఇసుకలో బల్లి పోయిన జాడ చూసి, జాడ చివర బొరియ దాకా మోకాళ్ల మీద పాకాడు. తిరిగి వచ్చేటప్పుడు వాడి గుప్పిట్లో ఎర్రటి అడవిపండు గింజ ఒకటి ఉంది, గీతలు గీతలుగా. గదిలోకి రాగానే దాన్ని పిల్ల పక్కన చాప మీద పెట్టాడు. పిల్ల దాన్ని వెంటనే తీసుకుంది. కర్స్టన్ దాన్నీ చూసింది. వస్తువులు అందుకోవడం వచ్చు, అట్ట మాత్రం అందుకోదు అని గుర్తుపెట్టుకుంది.

ఆ సాయంత్రం ఆమె, వినబడుతుందో లేదో చూడడానికి, పిల్ల వెనక నిలబడి గిన్నెమీద గరిటె మోగించింది. పిల్ల తిరిగి చూసింది. తిరిగి చూసి, గిన్నె మీద అలా కొట్టే అవసరం ఏమొచ్చిందో అర్థంగాక, మర్యాదగా మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

బుధవారం క్లినిక్ వాళ్లు వచ్చే రోజు. పిల్లలు వరసగా నిలబడి ముక్కులు చీదారు, దగ్గారు, నవ్వారు, కాగితాలు డబ్బాలో వేశారు. చెవుల్లో దీపం పెట్టి చూశారు. ఊళ్లో సగంమంది పిల్లల చెవులు కారుతుంటాయి గాని, ఆ పిల్ల చెవులు శుభ్రంగా ఉన్నాయి. శుభ్రమైన చెవులు కర్స్టన్‌ను నిశ్చింతపరచవలసింది. దానికి బదులు ఆమెకు ఇంకో మాట దొరికింది. వినబడకపోవడం కాదు, వినబడినా స్పందించకపోవడం. దానికి పరీక్షలు టౌన్లో ఉన్నాయి. టౌన్ ఒక పగటి ప్రయాణం. మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది.

తలుపు మూసి నోరీన్‌ను కూర్చోమంది. ఎదురుగా రెండు కప్పుల టీ పెట్టింది.

"శుక్రవారం టౌన్ నుంచి కారు వస్తుంది. వాళ్లు పాపను తీసుకెళ్లి చూస్తారు. కొన్నిరోజులు ఉంచుకోవలసి రావచ్చు. ఇంట్లోవాళ్లు ఒకరు కూడా వెళ్లవచ్చు, ఏమీ కాదు. కానీ అంతదాకా రానివ్వకుండా చేసేది మీ చేతిలో ఉంది."

నోరీన్ టీ ముట్టుకోలేదు.

"రేపు పొద్దున పాటలో ఆ పేరు మీరు పలకండి. నేను కాదు, మీరు. అది మీ అమ్మగారి పేరని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. మీరు పలికితే ఆ పిల్లకు భయం పోతుంది. మీకూ..." కర్స్టన్ మాట వెతుక్కుంది. "మీకూ కొంచెం తేలిక అవుతుంది."

ఇలాంటి దయకు ఎదురు చెప్పడం దెబ్బకు ఎదురు చెప్పడం కంటే కష్టం. దెబ్బ కొట్టినవాళ్లకు తాము కొట్టామని తెలుస్తుంది.

"నా నోట రాదు" అంది నోరీన్.

"ప్రయత్నిస్తే..."

"రాదంటే, రానియ్యను అని" అంది నోరీన్. లేచి, తన కప్పులోని టీని సింకులో పోసి, కప్పు కడిగి, బోర్లించి వెళ్లింది.

మైసీ పెరట్లో నిప్పు రాజేసి కూర్చుంది. మైసీ పోయినావిడ చెల్లెలు, అంటే నోరీన్‌కు పిన్ని. ఆ పిల్లకు అమ్మమ్మ. పిల్ల తల్లి డయాలసిస్ కోసం టౌన్లోనే ఉండిపోవలసి వచ్చింది కాబట్టి పిల్ల మైసీ దగ్గరే పెరుగుతోంది. బూడిదలో రొట్టె కాలుతోంది. నోరీన్ కారు సంగతి చెప్పింది. మైసీ పుల్లతో బూడిద తీసి రొట్టెను తట్టి చూసింది, మళ్లీ కప్పింది.

"వినబడదంటనా దానికి?"

"వినబడినా పలకదంట."

"ఓహో. మరి ఆ టీచరమ్మని ముందు ఎక్కించమను కారులో. మనం ఎన్నాళ్ల నుంచో చెప్తా ఉన్నాం, ఆమె పలికిందా?" మైసీ నవ్వింది, పళ్లులేని చోట గాలి ఈల వేసింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. "కారెక్కించి చూసొస్తాం, కొన్నాళ్లకు తెచ్చేస్తాం. ఈ మాట నాకు కొత్త కాదు. మా అమ్మ కూడా విన్నది. చిన్నప్పుడు నన్ను ఊళ్లోంచి ఎక్కించుకుపోయేటప్పుడే విన్నది."

పిల్ల వచ్చి మైసీ ఒళ్లో తల పెట్టింది.

"అమ్మమ్మా, రొట్టె కాలిందా?" అంది పిల్ల.

"ఇంకాస్త ఆగు అమ్మమ్మా" అంది మైసీ. త్రీ బోర్స్‌లో ఆ వరస రెండు వైపులా ఒకటే. అమ్మమ్మకు మనవరాలు కూడా అమ్మమ్మే.

గురువారం పొద్దున కర్స్టన్ గేటు దగ్గరే మైసీని ఆపింది. మాటలు ఎంచి ఎంచి, మెల్లగా చెప్పింది. మైసీ తల పక్కకు తిప్పి నేలను చూస్తూ వింది. చివరిమాట కర్స్టన్‌కే ఇబ్బందిగా ఉంది, అయినా చెప్పింది. "మీరు ఒప్పుకోకపోతే నేను పైకి తెలియజేయక తప్పదు. పిల్లకు కావలసిన వైద్యం అందనివ్వలేదని. అది నా నిర్ణయం కాదు, నియమం."

"ఎవరిదమ్మా నియమం?"

"మా అందరిదీ."

"మాకూ ఒకటి ఉంది" అంది మైసీ. "మాది కాస్త పాతది." అనేసి కుక్కలను కేకేసుకుంటూ వెళ్లిపోయింది.

ఆ రోజు పాటలో ఆ పేరు వచ్చినప్పుడు కర్స్టన్ ఆగి నోరీన్ వైపు చూసింది. నోరీన్ చాప మీది పిల్లల చెప్పులను జతలు జతలుగా పెడుతోంది. ఒక జత కుడి ఎడమలు సరిచేసింది. కర్స్టన్ తానే పలికింది. పిల్ల మాత్రం కదల్లేదు. బయట ఇసుకలో మామూలుగా వినబడే గోల ఆ రోజు వినబడలేదు; పిల్లలు కిటికీ బయట వరసగా నిలబడి, గాజుకు ముక్కులు ఆనించి లోపలికి చూస్తున్నారు. వాళ్లను ఆటకు పొమ్మని కర్స్టన్ రెండుసార్లు చెప్పింది. మూడోసారి తెర వేసింది.

నోరీన్ తెర తీసింది.

"నోరీన్" అంది కర్స్టన్.

"చీకటిగా ఉంది" అంది నోరీన్. గోడమీది దీపం మీట ఆమె భుజం పక్కనే ఉంది. ఇద్దరూ దాన్ని చూశారు. ఎవరూ వెయ్యలేదు.

శుక్రవారం కుటుంబాల రోజు. తల్లులూ అమ్మమ్మలూ నానమ్మలూ బడి పెరట్లో గొయ్యి తవ్వి కంగారూ తోకలు కాల్చడం, పిల్లలతో కలిసి తినడం, గదిలోకి వచ్చి బొమ్మలు చూడడం రివాజు. ఆ రోజు కంచెకు అవతల పొగ లేచింది. ఆడవాళ్లంతా వచ్చారు, ఎవరూ మానలేదు. గొయ్యి అవతల తవ్వారు. గదికి వీపులు పెట్టి కూర్చున్నారు. పిల్లలను మాత్రం గేటులోంచి లోపలికి పంపారు.

కర్స్టన్ గుమ్మంలోకి వచ్చింది. "లోపలికి రండి! ఎందుకక్కడ?"

మైసీ వెనక్కి తిరగలేదు. "గోడమీద ఆవిణ్ణి నిలబెట్టి పెట్టావు. ఆవిణ్ణి పోనియ్యి, వస్తాం."

టౌన్ కారు, రాత్రి దారిలో ఎక్కడో ఆగి, అనుకున్నదానికంటే ముందే వచ్చింది. దిగిన నర్సు పొట్టి జుట్టు మనిషి, దారి దుమ్ముతో కనుబొమ్మలు ఎర్రబడ్డాయి. పొగ వైపు చూసింది, వీపుల వైపు చూసింది. గదిలో ఒక మూల చిన్న కుర్చీలో కూర్చుంది. కర్స్టన్ ఆమెకు పిల్లను చూపించబోయింది; ముందు పాట కానివ్వండి, మామూలుగా ఎలా జరుగుతుందో చూస్తాను, అంది నర్సు.

పాట మొదలైంది. మొదటి పేరు జెత్రోది.

జెత్రో లేవలేదు.

కర్స్టన్ నవ్వుతూ మళ్లీ పాడింది. జెత్రో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సరేనని ఆమె షనెల్ పేరు పాడింది. షనెల్ కూడా కిటికీ వైపు తిరిగింది. ఆ పక్కపిల్ల తిరిగింది. ఆ పక్కవాడు తిరిగాడు. టార్కిన్‌కు ఎటు తిరగాలో తెలియక ఒక చుట్టు పూర్తిగా తిరిగి, అందరినీ చూసి సర్దుకున్నాడు. పేర్లు ఒక్కొక్కటీ గదిలోకి వచ్చి, కూర్చునే చోటు దొరక్క నిలబడిపోయాయి. బుట్ట నిండా అట్టలు అలాగే ఉన్నాయి.

కర్స్టన్ మెడ ఎర్రబడింది. "వీళ్లకు మీరు చెప్పారా?" అని నోరీన్‌ను అడిగింది.

"లేదు" అంది నోరీన్. అది నిజం. ఎవరూ చెప్పలేదు. నిన్న కిటికీకి ముక్కులానించి వాళ్లు చూసినదేమిటో ఆమెకూ ఇప్పుడే తెలిసింది.

నర్సు మూల నుంచి అంది: "వీళ్లలో నేను తీసుకెళ్లవలసింది ఎవర్ని?"

కర్స్టన్ చెయ్యి సగం లేచింది. ఎదురుగా ఒకే తీరున కూర్చున్న వీపుల వరసను చూసి, ఆ చెయ్యి ఎక్కడా వాలలేకపోయింది.

అప్పుడు నోరీన్ గోడ దగ్గరికి నడిచింది. కొక్కెం పైనున్న పేరు అంచును గోటితో లేపింది. అది గట్టిగా అంటుకుని ఉంది. తొందరపడలేదు. చిరగకుండా, ఒక మూల నుంచి ఇంకో మూలకు, పుండు మీది కట్టు విప్పినట్టు విప్పింది. తర్వాత బుట్టలోంచి ఆ అట్ట కూడా తీసింది.

"నోరీన్, అది తరగతి సామాను" అంది కర్స్టన్.

"మా అమ్మ" అంది నోరీన్.

రెంటినీ మడవకుండా రవికెలోపల, ఛాతీకి ఆనేట్టు పెట్టుకుంది. చాప దగ్గరికి వచ్చి, పిల్లల మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఏ పాటా ఎత్తుకోలేదు. పొయ్యి దగ్గర కూర్చుని పలకరించినట్టు పలకరించింది.

"అల్లుడూ."

జెత్రో ఇటు తిరిగాడు. "ఏందత్తా?"

"చెల్లీ."

"ఆ, అక్కా" అంది షనెల్.

"నాన్నా."

టార్కిన్ నోరీన్ తండ్రికి వరసకు తమ్ముడు. మూడేళ్లవాడు, ముక్కు ఎగబీల్చి, నడివయసు నోరీన్‌ను చూసి గంభీరంగా "ఏం బిడ్డా?" అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు. కంచె అవతల వీపులు కదిలాయి, అక్కడా నవ్వారు. ఒక్కొక్కరుగా, ఎవరినీ వదలకుండా, తనకు ఎవరు ఏమవుతారో ఆ వరసతో పిలుస్తూ పోయింది నోరీన్. పిలిచినవాళ్లు పిలిచినట్టే పలికారు. చివరికి ఒక్కతే మిగిలింది.

నోరీన్ ఆమె వైపు తిరిగింది. పిన్ని కూతురి కూతురు. వరసకు తన కూతురే. ఆ పిల్ల నేలను చూస్తోంది. పలకకపోతే అనే ఆలోచన నోరీన్‌కు మొదటిసారి వచ్చింది. వారమంతా బడిలో మూసుకున్న నోరు, ఎవరి కోసమని తెరుచుకోవాలి?

"బిడ్డా" అంది.

"ఆ, అమ్మా" అంది పిల్ల. గట్టిగానే అంది. కంచె దాకా వినబడింది.

నర్సు లేచి ప్యాంటు దుమ్ము దులుపుకుంది. "బాగానే వినబడుతోంది. బాగానే మాట్లాడుతోంది" అంది. "ఇక్కడ నాకేం పని లేదండీ. చీకటి పడకముందు ఇంకో ఊరు చేరాలి." గుమ్మంలో ఆగి, కర్స్టన్‌తో కొంచెం తగ్గు గొంతుతో అంది: "మీరు పైకి చెప్పదలచుకుంటే చెప్పుకోండి. నన్ను అడిగితే నేను చూసింది చెప్తాను." కారు పోయింది. వెనక లేచిన ఎర్ర దుమ్ము మెల్లగా సద్దుమణిగింది. మైసీ ముందుగా లేచింది. ఆమె వెనక మిగతావాళ్లు గేటు తోసుకుని పెరట్లోకి వచ్చారు. గదిలోకి వచ్చి, చెప్పులతోనే, గోడల వెంబడి కూర్చున్నారు.

కర్స్టన్ బుట్టను అరమీద పెట్టింది. ఆమె చెడ్డ మనిషి అయివుంటే ఇక్కడితో తలుపు తీసుకుని వెళ్లిపోయేది. వెళ్లలేదు. చాప దగ్గరికి వచ్చి, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"మరి నేను నిన్ను ఏమని పిలవాలి?" అని అడిగింది.

పిల్ల ఆమె మొహంలోకి చూసింది. ఆ వారంలో మొదటిసారి. జుట్టు చూసింది, మెడలో తాడుకు వేలాడుతున్న తాళాలు చూసింది. చూసి, తన భాషలో చిన్న ప్రశ్న ఒకటి వేసింది. కర్స్టన్‌కు అర్థం కాలేదు.

జెత్రో అందుకున్నాడు. "నువ్వు దానికేమవుతావు అని అడుగుతోంది."

"నేనా? నేను టీచర్ని."

జెత్రో ఆ జవాబును పిల్లకు అందించడం దండగనుకున్నాడు. "అది నీ పని" అన్నాడు ఓపికగా. "అది కాదు అడిగేది. నువ్వు ఏమవుతావు?"

పిల్ల ఎదురుచూస్తోంది. కర్స్టన్ తలెత్తి నోరీన్ వైపు చూసింది, ఒక్క మాట అందివ్వమన్నట్టు.

నోరీన్ అందివ్వలేదు. జవాబు కోసం ఆమె కూడా కర్స్టన్ వైపే చూస్తోంది.